దొరకలేదన్న చోట దొరకలేదనే చెప్పాలి

కోనసీమ జిల్లా రాజోలు వాస్తవ్యుడు, ప్రస్తుతం బహ్రెయిన్ దేశం జిదాఫ్స్‌లో కాపురముంటున్న, గెడ్డం దానియేలు కుమారుడు, ఏసీ మెకానిక్ గెడ్డం కాలేబు అనే నేను, వయస్సు అరవై ఒకటి, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. ఆదివారం నాకు గుండె ఆపరేషను. మొరాయించింది గుండె ఒక్కటే, మతి నిక్షేపంగా ఉంది. లేదనుకునేవాళ్లు నాలుగో అంశం చదివాక ఆ మాట అనండి, పడతాను.

1. రాజోలులోని ఇల్లు, ఖాళీ స్థలం, బ్యాంకులో ఉన్నదంతా నా తదనంతరం నా భార్య రెబెకాకు సర్వహక్కులతో చెందవలెను. ప్రతి శుక్రవారం ఆరాధన, కోడికూర భోజనం అయ్యాక, మా తెలుగు క్రైస్తవ సహవాసం హాల్లో గోడకు దుప్పటి కట్టి నేను డాక్యుమెంటరీలు వేసేవాణ్ణి. బైబిల్లోని ఊళ్లు, రాజులు, తవ్వకాల గురించి ఇంగ్లీషులో తీసినవి. పక్కన మైకు పట్టుకుని తెలుగులో చెప్పేవాణ్ణి. పదకొండేళ్లలో రెబెకా ఒక్కటీ చివరిదాకా చూడలేదు. లైట్లు వెలగ్గానే నిద్ర లేచి, బాగుందండీ అనేది. ఆ మాటకే ఎంతైనా రాయవచ్చు.

2. మా పై ఫ్లాటు లోవరాజుకు ఏమీ రాయడం లేదు. సాక్షికి ఆస్తి రాస్తే చిక్కులొస్తాయట. అతను హిందువు, అయినా ఏ శుక్రవారమూ మానలేదు. కూర కోసమే వస్తాడని అందరూ ఏడిపించేవారు. పాత కుండపెంకులు తెరమీదికి వస్తే ముందు వరసకు జరిగి కూర్చునేవాడు, అది నేను చూశాను.

3. నా బైబిలు దేశాల పటాల పుస్తకం సంఘ పెద్ద యెషయాకు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే. అతని మీద నాకు తొమ్మిదేళ్ల కోపం ఉంది. బైబిల్లోని యెరికో పట్నం గోడలు ఎప్పుడు కూలాయో పండితులకు ఏకాభిప్రాయం లేదని సినిమాలో అంటే, నేను ఉన్నది ఉన్నట్టే తెలుగులో చెప్పాను. యెషయా వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. "ఈ ఎడారిలో మనకున్నది అదొక్కటే కదన్నా, దాన్ని కూడా తవ్వేత్తావా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి, దుప్పటి విప్పి మడతపెట్టేశాను.

4. ఇది నా ఒప్పుకోలు. ఆ రోజు నుంచి సినిమాలో పండితులు ఆధారం దొరకలేదన్న ప్రతిచోటా నేను దొరికిందన్నాను. ఇంకా తేలలేదంటే తేలిపోయిందన్నాను. జనం స్తోత్రం అన్నారు. తియ్యగా ఉండేది, మానలేకపోయాను.

ఇక్కడే రిఫా ఊళ్లో ఒక ఇంట్లో పనిచేసే జీవమ్మ, ఆ ఇంటి పిల్లల పాఠాలు వింటూ ఇంగ్లీషు నేర్చుకుంది. ఆగస్టులో నేను వేసిన సినిమానే ఫోనులో మళ్లీ చూసింది. మరుసటి శుక్రవారం కంచాలు కడుగుతూ, ఎవరూ వినకుండా అడిగింది: "అయ్యగారూ, ఆయన దొరకలేదన్నాడు కదండీ, మీరు దొరికిందన్నారేంటండీ? దొరక్కపోతే నేను ప్రార్థన మానేత్తానా ఏంటండీ?" నాకు సిగ్గేసింది. ప్రొజెక్టరు పాడైందని అందరికీ చెప్పాను. అదీ అబద్ధమే. నా మంచం కింద ఉంది, భేషుగ్గా పనిచేస్తోంది.

5. ఆ ప్రొజెక్టరు, మైకు, దుప్పటి, అరవై రెండు సినిమాలున్న హార్డ్‌డిస్కు జీవమ్మకు చెందవలెను. ఇకమీదట తెలుగులో ఆమే చెప్పాలి. ఆడమనిషి మైకు పట్టకూడదని యెషయా అంటాడు. తొమ్మిదేళ్లు అబద్ధం చెప్పింది మగవాడేనని అతనికి గుర్తుచేస్తున్నాను. మొదట యెరికో సినిమానే మళ్లీ వెయ్యాలి. ఎవరికైనా బెంగ పుడితే, రిఫా నుంచి వచ్చే దారిలో ఆలీ అనే ఊరి దగ్గరి మట్టి దిబ్బలు చూపించండి. నాలుగు వేల ఏళ్ల నాటి సమాధులవి. పేర్లు తెలియవని అక్కడ మనుషులు లేరనం కదా. పక్కన కుండలు పెట్టి మరీ పూడ్చారు వాళ్లవాళ్లు.

6. వీలునామా పోయాకే అమలవుతుందని నాకూ తెలుసు. అయిదో అంశానికి అంత ఆగలేను, రేపు శుక్రవారమే అమలు చేస్తున్నాను. నాలుగో అంశం అందరి ముందూ చదువుతాను. నా గొంతు పెగలకపోతే యెషయా చదవాలి. తర్వాత రెబెకా పక్కన కూర్చుని, మొదటిసారి వేరేవాళ్ల నోట సినిమా వింటాను. ఆమెను నిద్రపోనివ్వను.

జిదాఫ్స్, 2025 నవంబరు 13, గురువారం.

(సంతకం) గెడ్డం కాలేబు

సాక్షులు:
1. లోవరాజు
2. సాయికుమారి, లోవరాజు భార్య

బాధ్యుడు యెషయా స్వహస్తంతో: అన్నా, చదివేను. నీ గొంతు పెగలకపోతే నేను చదువుతాను. మైకు నా చేత్తోనే జీవమ్మకిత్తాను. రేపు నేను స్విచ్చు దగ్గర కాదు, జనంలో కూకుంటాను.