వంతెన మీద లేని ఆవిడ

కోడలు పిల్లా,

పాలు కాచి మూత పెట్టాను. కూర ఉంది, అన్నం ఒక్కటీ వండుకో. ఆపరేషన్ చేసిన కన్ను చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఫోన్ మీద ఫోన్ చెయ్యకు. బస్సు నంబరు ఇప్పుడు వీధి చివరినుంచే కనిపిస్తోంది.

పొద్దున నువ్వు డ్యూటీకి వెళ్ళాక మన కొరియా సీరియల్ మొదటినుంచీ పెట్టుకున్నాను. కింద పడే తెలుగు అక్షరాలు ఈసారి నేనే చదువుకున్నాను. ఆ కుర్రాడు కళ్ళజోడు పెట్టుకోగానే మామూలు వీధి కాస్తా వీడియో గేమ్ అయిపోవడం, కార్ల మధ్య తెల్ల గుర్రాలు మెల్లగా నడిచిరావడం, అన్నీ నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. కానీ ప్రతి లెవెల్ చివరా వాళ్ళమ్మ పసుపు శాలువా కప్పుకుని వంతెన మీద నిలబడి, "తిన్నావా నాన్నా?" అని అడుగుతుందన్నావే, ఆవిడ ఎక్కడా లేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. వంతెన మీద పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆవిడ నాకు కలలో కూడా వచ్చేది.

ముసల్దానికి కనపడదు కదా అని ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట!

ఆ కోపంతోనే బయల్దేరుతూ, తలుపు వెనక తగిలించిన నా శాలువా తీశాను. పోయినేడాది నువ్వు కొన్నదే. మట్టిరంగు అనుకునేదాన్ని. పచ్చటి పసుపు.

అదే కప్పుకుని వెళ్తున్నాను.

అత్తయ్య

ఇంకా రెండు ఎపిసోడ్లున్నాయి. సాయంత్రం నేను కళ్ళు మూసుకుని కూర్చుంటాను, నువ్వే చెప్పు. ఆవిణ్ణి మాత్రం చంపకు.