మావయ్య ఇచ్చిన ముక్క

4 మార్చి 2025, మంగళవారం

మా ఫౌండ్రీలో లేత్ నడిపే రామ్‌లాల్ కంట్లో ఇనుప ముక్క ఎగిరి పడింది. పంపు బాడీని లేత్ మీద తిప్పుతుంటే టూల్ పటుక్కున విరిగిందట. పోత ఇనుము అంత గట్టిగా ఉండటమేమిటి? నిన్న ల్యాబ్‌లో పాస్ చేసింది నేనేగా…

5 మార్చి

ఆ పంపు బాడీలోంచి చిన్న ముక్క కోసి, పాలిష్ పట్టి, యాసిడ్ రాసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎటు చూసినా సిమెంటైట్, ఇనుమును రాయిలా బిగించేది. తెల్లగా, పలకలు పలకలుగా. కరిగిన ఇనుములో సిలికాన్ మందు పడకపోతేనే ఇలా బిగుసుకుంటుంది. మందు వేయించాల్సింది సింహాచలం మావయ్య. ఛ, ఆయన మరిచిపోతాడా! ఫర్నేస్ దగ్గర ఇరవై ఏళ్లు. నాకీ ఉద్యోగం ఇప్పించిందే ఆయన.

సాయంత్రం — ప్రతి హీట్‌కీ, అంటే ఫర్నేస్‌లో కరిగించిన ప్రతి విడతకీ, గొడ్డలి అంచులాంటి చిన్న ముక్క ముందుగా పోసి, విరిచి చూస్తాం. లోపల బూడిదరంగైతే సరే. తెల్లగా ఉంటే అచ్చుల్లో పోయకూడదు. సోమవారంది సొరుగులోంచి తీశాను. బూడిదరంగే. కానీ విరిగిన చోట తుప్పు! ఈ ఎండల్లో, రెండు రోజులకే?

ఎప్పటిదో పాత హీట్ ముక్క ఇచ్చాడు మావయ్య. విరవాల్సింది నేను. "నానిరిసేసినాన్లే" అంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టాను. దద్దమ్మని.

7 మార్చి

మావయ్యని అడిగేశాను.

"సిలికాన్ అయిపోనాదే. హీటంతా పారబోసేత్తామేటి?"

నాకెందుకు చెప్పలేదు?

"సెప్తే నువ్వు సంతకం ఎట్టవు కదేటి."

ఎంత నిబ్బరంగా అన్నాడో! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

8 మార్చి

మేనేజర్ — "సైన్ తో ఆప్ కా హై న, మేడమ్?" సంతకం నాదేగా అని. సోమవారం నన్నూ మావయ్యనీ ఇద్దరినీ రమ్మన్నాడు. ఒకరి ఉద్యోగం పోవడం ఖాయం. రామ్‌లాల్‌కి ఆ కంటితో ఇంకా వెలుగు తప్ప ఏమీ కనబడట్లేదట.

9 మార్చి, ఆదివారం

మావయ్య మేముండే బీర్‌గావ్ వచ్చాడు, మా ఇంటికి. టీ తాగాడు కూడా.

"సూసుకోలేదని ఒప్పేసుకోయే. సదువుకున్నావు, నీకింకోకాడ దొరుకుద్ది. ఈ వయసులో నాకెవుడిత్తాడు?"

నిజమే. అందుకే ఇంకా మండుతోంది.

వెళ్తూ వెళ్తూ — "రేపు కలిసే ఎల్దాం. ఆటో తెత్తాను."

ఆయన టీ గ్లాసు తీసుకెళ్లి కడిగాను.

10 మార్చి

పొద్దున్న ఎనిమిది. వీధిలో ఆటో ఆగింది. ఎండ పడని పక్క నాకు వదిలి కూర్చున్నాడు మావయ్య, దొంగసచ్చినోడు.