లక్డారంలో సముద్రపు బడి

1978 మే 8, సోమవారం

రుక్మిణి రావడం లేదు. కాలేజీ మెట్ల మీద జారి కాలు విరిగిందట. విశాఖ నుంచి ట్రంకు పెట్టె మాత్రం పార్శిల్‌లో వచ్చింది. గవ్వలు, ఆల్చిప్పలు, ఎండిన నక్షత్ర చేప, చార్టులు, ఎనిమిది పేజీల ఉత్తరం. సముద్రం గురించి పది రోజుల క్యాంపు నన్నే నడపమంది. లక్డారం పిల్లలకు మాట ఇచ్చాను పెద్దక్కా అని చివర్లో రాసింది. అది జువాలజీ లెక్చరర్. నేను సముద్రం చూడనైనా లేదు.

తమ్ముడు వెంకటనారాయణ దుకాణం కట్టేసి వచ్చి ఉత్తరం చదివాడు. మనం కందిపప్పు అమ్ముకునేటోళ్లం, నువ్వు సముద్రం అమ్మపోతవా అక్కా అని నవ్వాడు.

వెళ్తాను. మాట ఇచ్చింది చెల్లెలే అయినా, మాట మాటే.

మే 9

సహస్రనామం ముగించుకుని పటాన్‌చెరులో మొదటి బస్సెక్కాను. బాల్వాడీ షెడ్డులో పంతొమ్మిది మంది పిల్లలు. నక్షత్ర చేపను ముట్టుకోవడానికి మొదట భయపడ్డారు. బీరమ్మ అనే ముసలామె మనవరాలు ముత్యమ్మకు ఎనిమిదేళ్లు. ముందుగా చేతిలోకి తీసుకున్నది అదే. గిది చేపనా, మురుకు లెక్కున్నది అంది.

ముత్యాలు ఆల్చిప్పల్లో పుడతాయని చెప్పాను. అందరూ ముత్యమ్మ మీద పడ్డారు. నువ్వు ఏ చిప్పల పుట్టినవే అని. చిప్పల గాదు, మా తాత బాయిల పుట్టిన అని మూతి తిప్పింది.

తాత కొమురయ్య ఇప్పుడు లేడు. ఆయన తవ్విన బావే ఊరికంతటికీ మంచినీళ్ల బావి. పిల్లలంతా ఆ నీళ్లే తాగారు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబులోవి తాగాను. ఆచారం.

మే 10

ఈరోజు మాట పడ్డాను. ఊళ్లోని దేవమ్మ షెడ్డు ముందు నిలబడి అడిగింది. మీ తమ్ముడు ముక్కిన పప్పు అంటగడుతున్నడు, పొద్దటి నుంచి పొయ్యి మీద పెడితే రాళ్ల లెక్కనే ఉన్నది, సముద్రం సంగతి తర్వాత, ముందుగాల సావుకారికి చెప్పు అంది. పక్కనున్న ఆడవాళ్లు అవునవునన్నారు. మా ఇంట్ల గూడ గంతే, మా ఇంట్ల గూడ గంతే.

ఇంటికి వచ్చి చెప్పాను. తమ్ముడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. గదే బస్తాలది మనం తింటలేమా అక్కా అన్నాడు. నిజమే. మా ఇంట్లో పప్పు వెన్నలా ఉడుకుతుంది.

మే 11

పీత బొమ్మలు గీయించాను. పీత అంటే ఎవరికీ తెలియలేదు. ఎండ్రికాయ అంటే తెలిసింది.

మే 12, శుక్రవారం

రుక్మిణి ఉత్తరంలో నాలుగో పాఠం రుచి. మూడు గ్లాసులు. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో చిటికెడు ఉప్పు, ఒకదాంట్లో సముద్రమంత ఉప్పు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాలి.

మొదటి గ్లాసు దగ్గరే ముత్యమ్మ ఆగిపోయింది. గిదీ ఉప్పే అంది. అందరూ నవ్వారు. అది ఉత్త నీళ్ల గ్లాసు. మళ్లీ తాగి మళ్లీ అదే అంది. ఇంకో ఇద్దరు తాగి తల గోక్కున్నారు. రోజూ గిట్లనే ఉంటయి గదా టీచరమ్మా అన్నారు.

నేను గ్లాసు ఎత్తాను. నాలుగు రోజులుగా ఆ ఊళ్లో కూర్చుని ఆ ఊరి నీళ్లు నోట్లో పోసుకోవడం ఇదే మొదలు.

ఉప్పే.

మడి చెంబు మోసుకుపోకుండా ఉంటే మొదటి రోజే తెలిసేది. పప్పు ఉడకనిదీ ఈ నీళ్లకేనేమో.

మే 13

ఒకే బస్తా పప్పు, రెండు కుండలు. ఒకదాంట్లో బీరమ్మ బావి నీళ్లు, ఒకదాంట్లో మా పెరటి బావి నీళ్లు. షెడ్డు ముందు మూడు రాళ్ల పొయ్యిలు రెండు. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. మా ఇంటి నీళ్ల కుండలో గంటకే పప్పు మెత్తబడింది. రెండోదాని కింద మంటను దేవమ్మ మధ్యాహ్నం దాకా ఎగదోసింది. చివరికి గరిటె కింద పెట్టి, సావుకారిని ఉత్తగనే తిట్టిన అంది.

బీరమ్మ మాత్రం కోపంతో లేచింది. మా ఆయన చేతులు పుండ్లు పడంగ తవ్విండు, ముప్పయి ఏండ్ల సంది ఊరు తాగుతున్నది, పట్నపామె వచ్చి పప్పు పేరు పెట్టి నా బాయికి మైల అంటగడుతదా అంది. అందరి ముందూ ఒక చెంబు నీళ్లు గటగటా తాగింది. ముత్యమ్మకూ తాగించింది.

నేను పొయ్యిలు ఆర్పుతూ ఉండిపోయాను. పిల్ల చేతిలోంచి చెంబు లాక్కోవలసింది.

మే 15

పిల్లలు ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుదామన్నారు. బావి వెనక వాగు పట్టుకుని పైకి నడిచాం. కొత్త ఫ్యాక్టరీ గోడ కింద తూము. అక్కడ వాగంతా తెల్లటి నురుగు. చార్టులో అలల మీద ఉన్నట్టే ఉంది.

పిల్లలు ఎగిరి గంతేశారు. టీచరమ్మా, సముద్రం మన ఊరికే వచ్చింది అని.

వెనక్కి రండి అని మాత్రం అన్నాను.

మే 16

ఊళ్లో చాలామంది మైలు దూరం నడిచి పెద్దరాములు పొలం బావి నీళ్లు తెచ్చుకుంటున్నారు. బీరమ్మ ఇల్లు తప్ప.

ముత్యమ్మ రాలేదు. కడుపునొప్పి, వాంతులు అట. వెళ్లాను. బీరమ్మ తలుపు తీయలేదు.

దేవుడి ముందు ఎక్కువసేపు కూర్చున్నాను.

మే 18

నిన్న, ఒక రోజు ముందే, క్యాంపు ముగించాను. గవ్వలు తలా ఒకటి ఇచ్చాను. ముత్యమ్మకు ఇవ్వవలసింది నా దగ్గరే ఉంది.

ఈరోజు ఊరివాళ్లు వేలిముద్రలు వేసిన అర్జీ, సీసాలో బావి నీళ్లు పట్టుకుని సంగారెడ్డి కలెక్టరాఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. ఇవి ఏ బాయివో ఎవలికెరుక అమ్మా, ఎండకాలం నీళ్లు జెర ఉప్పగనే అయితయి, ఇగ పోండి అన్నాడు. సీసా వెనక్కి ఇచ్చాడు.

తిరుగు బస్సులో లక్డారంలో దిగాను. ఈసారి బీరమ్మ తలుపు తీసింది. గుమాస్తా మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. గడప మీద కూర్చుని విన్నది. ఏ బాయివో ఎవలికెరుక అన్నడా అని ఒక్కటే అడిగింది.

మే 19, ఉదయం, సంగారెడ్డి బస్సులో

తెల్లారేసరికి బీరమ్మ మా గుమ్మంలో ఉంది. చంకలో బావి గిరక. తానే విప్పిందట. నిన్నటి నుంచి ముత్యమ్మకు పొలం బావి నీళ్లే పోస్తున్నదట. రాత్రి పిల్ల గంజి తాగిందట.

సీసల నీళ్లు ఎవలివో అంటడు, దీని మీద మా ఊరి తాడు గీతలున్నయి, గివి ఎవలివంటడో నేనే అడుగుత, నడువు అంది.

గిరక బరువు, జెర నేను పట్టుకుంటాను అన్నాను. ఇవ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.