గొలుసు చివర మీ అన్నయ్య

జూలై 14, ఆదివారం

మరదలికి,

వదిన దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ క్షేమమేనని నీ మందుల షాపుకి వెళ్లొచ్చిన వాళ్లు చెబుతున్నారు. ఫోన్ చేస్తే ఎత్తవు, ఇంటికొస్తే తలుపు తియ్యవు. అందుకే ఈ ఉత్తరం. చింపేసే ముందు ఒక్కసారి చదువు, తర్వాత నీ ఇష్టం.

ముందు మన డాన్స్ హాలు కబుర్లు. సైకిల్ షాపు మేడ మీది ఆ హాలుకి ఎట్టకేలకు కొత్త ఫ్యాను పెట్టించారు. అది పాతదాని కన్నా ఎక్కువ మోత చేస్తోంది. శనివారం సాయంత్రాలు అందరూ వస్తూనే ఉన్నారు. పోస్ట్‌మాన్ గుర్తున్నాడుగా, ఎవరు పలకరించినా తన చెప్పులకేసి చూసి జవాబిచ్చేవాడు? మొన్న వరుసకి ముందు నిలబడి, అందరి ముఖాల్లోకీ చూసి, సిద్ధమేనా అని అడిగాడు. నా చెవుల్ని నేనే నమ్మలేదు. లెక్కల టీచరమ్మ కూడా మారింది. ఇదివరకు అడుగు తప్పినవాళ్లని క్లాసులో పిల్లల్లా నిలబెట్టి కడిగేసేది కదా, ఇప్పుడు వెనకబడ్డవాళ్ల కోసం తనే నెమ్మదిస్తోంది. మొన్న నేను అడుగు తప్పితే ఒక్క మాట అనకుండా నా చెయ్యి మెల్లగా నొక్కి దారిలో పెట్టింది.

ఇదంతా మీ అన్నయ్య చలవే అంటారు అందరూ. చేతులు పట్టుకుని గొలుసుగా ఆడే ఈ ఆటని మన వీధికి నేర్పిందే ఆయన. అడుగు మార్చాలంటే ముందున్నవాళ్లు నోరు విప్పకూడదు, పక్క చెయ్యి నొక్కాలి, ఆ నొక్కు చేతులు మారుతూ చివరిదాకా పోవాలి అనే పద్ధతి పెట్టిందీ ఆయనే. ఏళ్ల తరబడి తానే ముందుండి నడిపిన మనిషి, ఉన్నట్టుండి వారానికొకరిని ముందు నిలబెట్టి తాను గొలుసు చివరికి వెళ్లిపోయారు. కుర్చీ దొరికితే వదలని లోకంలో ఇలాంటి మనిషి ఉండడం మన అదృష్టమని, పదిమందికీ నడిపించడం నేర్పుతున్నారన్న మాటని పోస్ట్‌మాన్ ఉత్తరాలతో పాటు ఇంటింటికీ పంచిపెట్టాడు. నేను మాత్రం నోరు మూసుకునే ఉన్నాను.

ఇక నీ సంగతి. వార్షికోత్సవం నాడు ముందు నిలబడే వంతు నీకొచ్చింది. ఇంటిల్లిపాదినీ తెచ్చి బెంచీల మీద కూర్చోబెట్టారు అందరూ. ఆ కంగారులో, కుడికాలు వెనక్కి వెయ్యాల్సిన చోట ఒక గెంతు గెంతావు. ఇక ఆ గెంతే నీ కాళ్లకి పట్టుకుంది, ప్రతి చుట్టులోనూ అదే వచ్చింది. మధ్యలోవాళ్లు తడబడినా సరైన అడుగుకి సర్దుకున్నారు. గొలుసు చివర మీ అన్నయ్య మాత్రం నీ కాళ్లకేసే చూస్తూ నీతో పాటు గెంతారు. మొదట నువ్వు, చివర ఆయన. బెంచీల మీద వాళ్లు పడీపడీ నవ్వారు. సొంత చెల్లెల్ని పదిమందిలో వెక్కిరించాడని నువ్వు చెయ్యి విదిలించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయావు.

కోపం రావడంలో తప్పు లేదు. నేనైనా అలాగే అలిగేదాన్ని. కానీ వదినగా ఒక మాట అనక తప్పదు. ముందు నిలబడ్డాక తప్పు అడుగు వేస్తే వేస్తాం, గొలుసు మాత్రం వదలకూడదు. నువ్వు వదిలేసింది టీచరమ్మ చెయ్యి. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక పాట అయ్యేదాకా ఆవిడ గాల్లోనే చాచి ఉంచింది. అప్పుడు చలికాలం. చలి పోయింది, ఎండలూ పోయాయి, నీ అలక మాత్రం పోలేదు.

మీ అన్నయ్యకి మోకాలి నొప్పి. అందుకే ఈమధ్య హాలుకి రావడం లేదు. ఆ రోజు సగంలో ఆగిన నీ వంతు అలాగే ఉంది. ఆ పాట వస్తే ముందు ఎవరూ నిలబడడం లేదు, అది నీదేనంటున్నారు. వచ్చే శనివారం రా.

ఇట్లు,
కోపాన్ని దిగమింగుకున్న
మీ వదిన

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన మేమిద్దరం క్షేమమని రాశాను. క్షేమం కాదు. ఆయన మోకాలికేమీ కాలేదు. మీ అన్నయ్య అన్నీ మర్చిపోతున్నారు. అన్నిటికన్నా ముందు పోయినవి అడుగులు. ముందు నిలబడితే తర్వాతి అడుగు గుర్తురాక, నలుగురికీ తెలిసిపోతుందని భయపడి గొలుసు చివరికి వెళ్లారు, ఎవరికో నేర్పుదామని కాదు. ఇతరుల కాళ్లు చూసి నెట్టుకొచ్చేవారు. నడిపించడం వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. చెల్లికి మాత్రం చెప్పకు, అన్నయ్య దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెప్పి మురిసిపోతుంది అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ ఆ ఒట్టు ఆయనకే గుర్తులేదు.

ఆ రోజు ఆయన నిన్ను వెక్కిరించలేదమ్మా. అంతమంది ఉన్నా నీ కాళ్లనే నమ్మారు. నువ్వు వేసిందే సరైన అడుగనుకున్నారు.

నిన్న వంటింట్లో ఆ పాట పెట్టాను. పొద్దుటినుంచి నన్ను మీరెవరండీ అని అడుగుతున్న మనిషి లేచి, కిటికీ ఊచని చెయ్యిలా పట్టుకుని ఆడారు. పక్కన నేనున్నానని కూడా తెలియలేదు. చూస్తూ ఏడ్చాను. ఆయన మాకు నేర్పిన అడుగు ఒక్కటీ రాలేదు. నీ గెంతు మాత్రం వచ్చింది, సరిగ్గా ఆ చోటే వచ్చింది. ఆయన కాళ్లలో మిగిలింది అదొక్కటే.

శనివారం ఆయన్ని తీసుకొస్తాను. నువ్వు ముందు నిలబడు. ఆ చోటు వచ్చినప్పుడు మాత్రం గెంతు.