తడిగుడ్డలో తీగ

అక్కా,

మొన్న నా దగ్గర్నుంచి తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లావే, ఆ పసుపుపూల తీగ ఇంకా నాటలేదు కదూ? నాటకు. దాని కణుపు నేలకు తగిలిన చోటల్లా వేళ్లూనుతోంది. నా పెరట్లో నేలంతా పరుచుకున్న నీలిపూల విష్ణుక్రాంత దాని కిందే చచ్చిపోయింది. మీ ప్రహరీ పక్కన దానంతటదే పాకే విష్ణుక్రాంత చాలదూ? బావగారు ఆ పసుపుపూలకి ముచ్చటపడినా సరే, విష్ణుక్రాంతనే పెంచు. నాకూ కాస్త పంపు.

ఒకవేళ నాటేసి ఉంటే పీకి, ఎండబెట్టి కాల్చెయ్యి. గోడవతల మాత్రం పారేయకు. నేనదే చేశాను. ఇవాళ పక్కింటి టీచరుగారు నన్ను పిలిచి, "ఎవరూ నాటకుండానే వచ్చిందండీ, ఎంత ముద్దుగా ఉందో!" అంటూ ఓ కొమ్మ తుంచి నా చేతిలో పెట్టారు. నవ్వి తీసుకున్నాను.

ఇది రాస్తుంటే ఆ కొమ్మ బల్ల మీదే ఉంది. కింద పెట్టాలంటే భయంగా ఉందే.

నీ చెల్లి