మేడమీది ట్యాంకు మూత

గస్సాన్, ముందు మేడెక్కు, టీ తర్వాత తాగొచ్చు. రేపు నీళ్లొచ్చే రోజు. ఈలోగా ట్యాంకు అడుగున చేరిన ఇసుక కడిగి మూత పెట్టకపోతే, మళ్లీ వారమంతా మురికినీళ్లే మన గతి.

వాషింగ్ మెషీన్ బాగైంది. నువ్వూ, పక్కింటాయన నిదాల్ కలిసి దాన్ని పక్కకి పడుకోబెట్టి, కాఫీ మీద కాఫీ తాగి, "మోటారు పోయింది, పాత సామాన్ల బండికి వేసేద్దాం" అని తేల్చారే, మహా ఇంజినీర్లు! నేను వెనక పైపు విప్పి చూశాను. నీళ్లు లోపలికెళ్లే చోట చిన్న జల్లెడ ఉంది. దాన్నిండా ఇసుక, పావురాల ఈకలు. కడిగి పెట్టేసరికి, నిన్నటిదాకా చుక్కలుగా పడ్డ నీళ్లు ధారగా వస్తున్నాయి.

పావురాలకని ట్యాంకులోంచి నీళ్లు ముంచిన ప్రతిసారీ "మా అమ్మ మీద ఒట్టు, మూత పెట్టాను" అన్నావు. పక్కవాడి పావురాన్ని పట్టి నాదేనని ఒట్టేస్తాడు కాబట్టి, పావురాలు పెంచేవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదని మన అమ్మాన్‌లో ఊరికే అనరు. పెళ్లికి ముందు మా నాన్న ఆ మాటంటే నీ తరఫున పోట్లాడాను, నా ఖర్మ.

అక్కయ్య ఇంటికెళ్తున్నా, సాయంత్రం వస్తా.

రుదైనా

అన్నట్టు, నీ పావురాలకి గింజలూ నీళ్లూ పెట్టాను. నీకేం వండలేదు. అవి నాతో అబద్ధమాడలేదు.