వెయ్యికి నలభై ఆరు తరుగు

తెనాలి,
12-8-2008.

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఒక జీబీ అని అమ్మిన మెమరీ కార్డు తక్కువ తూగుట గురించి.

తమ శాఖ లైసెన్సుపై ముప్పై ఒక్క ఏళ్ళుగా తక్కెడలు మరమ్మతు చేయు మీరా మొహిద్దీన్ విన్నవించుకొనునది:

1. గత నెల బస్టాండు ఎదుటి సెల్‌ఫోన్ల కొట్టులో మా అమ్మాయి పర్వీన్ సదరు కార్డు కొన్నది. అట్ట మీద ఒక జీబీ, అనగా వెయ్యి ఎంబీ. ఫోను చూపునది 954. తరుగు నలభై ఆరు.

2. కొట్టు యజమాని శివకృష్ణను నిలదీయగా, "తరుగేం లేదు బాబాయ్. కంపెనీ వాళ్ళు వెయ్యికొకటి లెక్కేస్తారు, ఫోనేమో వెయ్యిన్ని ఇరవై నాలుక్కి ఒకటి లెక్కేసుద్ది. రెండూ కరెక్టే" అన్నాడు. కొనేందుకు ఒక రాయి, అమ్మేందుకు ఒక రాయి పెట్టుకున్న ప్రతివాడూ నాతో ఈ మాటే అన్నాడండి. వాళ్ళ మీద తమరు కేసులు రాశారు.

3. నా భార్య జరీనాకు గుంటూరులో గొంతు ఆపరేషను జరిగినది. ఇక మాట రాదని డాక్టరు ముందే చెప్పినందున, ముందురోజు ఆమె మాటలు వీడియో తీయదలచితిమి. కార్డులో పర్వీన్ పెళ్ళి వీడియో తొమ్మిది వందలు పోను ఇంకా వంద ఉందనుకున్నాము. ఫోనులో చూసుకోవచ్చు గదా అని తమరు అడుగుదురు. ముద్ర వేసిన రాయిని మళ్ళీ తూచే అలవాటు మా ఇంట్లో లేదు. అట్టను నమ్మాము.

4. ఆమె ముందు పర్వీన్‌కు జాగ్రత్తలు చెప్పింది. తర్వాత రేపల్లెలోని చెల్లెలు సల్మాకు, తర్వాత వీధిలో అందరికీ. ఆఖరున, "మీరు బయటికెళ్ళండి, ఆయనకి చెప్పేది ఉంది, ఎదురుగా ఉంటే సిగ్గు" అని మా ఇద్దరినీ పంపి, ఫోను కిటికీలో ఆనించి తలుపేసుకుంది. చాలాసేపటికి వచ్చింది.

ఆపరేషను అయ్యి ఇంటికొచ్చాక పెట్టి చూశాను. "ఏవండీ, పెళ్ళైన కాడ్నుంచి మీకో మాట చెబుదామని..." అక్కడితో ఆగిపోయింది. కార్డు నిండింది. చెప్పినదంతా గోడకు చెప్పినట్టయింది. మోసం కాదా అండి ఇది?

5. నిరుడు పండ్ల బండి రాయి ఇరవై గ్రాములు తగ్గితే తమరు నా కళ్ళ ముందే జప్తు చేసి, "గ్రాము తగ్గినా దొంగతనమే మొహిద్దీన్ గారూ" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

కావున కార్డు జతపరచడమైనది. నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. ఆ కంపెనీ వారిని పిలిపించి, వెయ్యి అంటే ఎంతో తమ బల్ల ముందు చెప్పించవలెను. పండ్ల బండిని తూచిన చేత్తోనే దీనినీ తూచి చిత్తగించవలెను.

తమ ముద్రను నమ్ముకున్న విధేయుడు,
మీరా మొహిద్దీన్

తా.క.: ఈ అర్జీ జరీనాకు చదివి వినిపించాను. ఆ మాటేంటో రాయమని పలక చేతిలో పెట్టాను. "ఎదురుగా చెప్పగలిగితే ఆ రోజే చెప్పేదాన్నిగా" అని రాసి, చెంగుతో తుడిచేసింది. ఇక అడగను. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను.